పంతొమ్మిదో పేరు

బొంబాయిలో కామాటిపుర పక్కన ఒక ధర్మాసుపత్రిలో ముప్ఫై ఒక్క ఏళ్లు రికార్డు క్లర్కుగా పనిచేశాను. ఆసుపత్రి అంటే పెద్దదేమీ కాదు. ఫోరస్ రోడ్ నుంచి లోపలికి తిరిగే గల్లీలో రెండంతస్తుల ఇల్లు. కింద డాక్టరు గది, సూదుల గది. పైన నా గది. అందులో వరండాలోకి తెరుచుకునే ఒక కిటికీ, ఒక ఫ్యాను, ఎనభైల మధ్య నుంచి ఒక కంప్యూటరు ఉండేవి. అది వచ్చిన రోజు మా చాల్‌లో, అంటే మేముండే వరస గదుల ఇంట్లో, ఆడవాళ్లంతా చూడ్డానికి వచ్చారు. అన్నేళ్లలో నన్ను చూడ్డానికి మాత్రం ఒక్కరూ రాలేదు.

ఆసుపత్రి రికార్డుల పనిలోకి, కంప్యూటర్ల పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్ల గురించి రాయను. వచ్చినవి రెండే, రెండూ నేను అడగడం మానేశాక వచ్చాయి. ఫారాల గురించీ రాయను, వాటితో విసుగు మీకు మొదటి వారంలోనే మొదలవుతుంది. ఒక పాత ప్రోగ్రాము గురించి, దాన్ని చూసే దిక్కు లేకుండా పోయాక నేను భయంతో గడిపిన నాలుగు వారాల గురించి రాస్తాను. ఆ నాలుగు వారాలు నాకు అన్నం సయించలేదు.

నలభై అక్షరాల చోటు

మా తాత పాలమూరు నుంచి బొంబాయికి రాళ్లు మోయడానికి వచ్చాడు. నాన్న తాపీ పట్టాడు. నేను మరాఠీ బడిలో చదివి టైపు నేర్చుకున్నాను. ఆ టైపు చూసి, ఆసుపత్రి డాక్టర్ సాఠేగారు నన్ను కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు.

నల్ల తెర, ఆకుపచ్చ అక్షరాలు, పక్కన రెండు ఫ్లాపీ డ్రైవులు. ప్రోగ్రాము దాదర్‌లో రెండు గదుల్లో నడిచే ఒక చిన్న కంపెనీ వాళ్లు రాసిచ్చారు. అది చేసే పని ఒక్కటే: ఎవరికి ఏ సూది ఏ తేదీన వెయ్యాలో జాబితా తీసి ఇవ్వడం. మంగళవారం, శుక్రవారం పొద్దున నేను జాబితా ముద్రించి కిందికి పంపితే, దాన్ని చూసి ఫిలోమినా సిస్టర్ సూదులు వేసేది.

ఆ ప్రోగ్రాములో నంబరు, పేరు, వయసు, ఉండే ఖోలీ, సూది, తేదీ రాసే గడులు ఉన్నాయి. ఎవరికి ఏ మందు పడదో రాసే గడి లేదు. రాసినవాళ్లకు తట్టలేదు, అడగాలని మాకూ తట్టలేదు. చివర్లో మాత్రం రిమార్కులని నలభై అక్షరాల చోటు ఉంది. ఎవరికీ పట్టని ఆ చోటును నేను పట్టుకున్నాను. ఫలానా మనిషికి సూది వెయ్యొద్దని, లేదా ముందు నన్ను అడగమని అందులో కొట్టేదాన్ని. ఆ అక్షరాలు ఇంగ్లీషువి, మాటలు మా చాల్ తెలుగువి. రిమార్కు ఉన్న ప్రతి పేరుకీ జాబితాలో ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టేదాన్ని. ఎర్ర సున్నా కనిపిస్తే సిస్టర్ సూది ముట్టకుండా నన్ను కిందికి పిలిచేది.

అలాంటి పేర్లు మొత్తం పంతొమ్మిది. ప్రతి సోమవారం లెక్కపెట్టేదాన్ని కాబట్టి ఆ సంఖ్య నాకు బాగా గుర్తుంది.

మాటలు తెలుగులో ఎందుకు కొట్టానో కూడా చెప్పాలి. డాక్టరుగారికి అర్థం కాకూడదని.

కార్డు జాగాది

పాలమూరు కూలీలు ఒక్కో ఖోలీలో, అంటే ఒక్క గదిలో, పది పన్నెండు మంది ఉండేవాళ్లు. ఒక్కొక్కరికి ఒక జాగా. అంటే చాప పరిచేంత నేల, చొక్కా తగిలించడానికి గోడకు ఒక మేకు. విత్తనాలప్పుడో, ఇంట్లో చావైతేనో ఒకడు ఊరికి పోతే ఆ జాగా ఖాళీగా ఉండదు. తమ్ముడో బామ్మర్దో వచ్చి ఆ చాప మీద పడుకుంటాడు. మేస్త్రీ దగ్గర పని కూడా ఆ జాగాతోనే వస్తుంది. మా ఆసుపత్రి కార్డు కూడా అంతే.

మేస్త్రీ భార్య రాములమ్మత్త పన్నెండు మందికి వండిపెట్టేది. ఖోలీలో అందరి కార్డులూ ఒక బిస్కెట్ డబ్బాలో పెట్టి అటక మీద దాచేది. ఎవరికి జ్వరం వస్తే వాళ్ల జాగా కార్డు తీసి చేతికిచ్చేది.

"కార్డు మనిషిది అత్తా, జాగాది కాదు" అని ఒకసారి గట్టిగానే చెప్పాను.

"మనిషి వస్తడు పోతడు బిడ్డా. జాగా ఏడికి పోతది?" అంది.

కొత్త కార్డు కావాలంటే ఈ వార్డు రేషన్ కార్డు చూపించాలని మా ట్రస్టు నియమం. చాప మీద పడుకునే వాడికి రేషన్ కార్డు ఎక్కడిది? సాఠేగారికి ఈ మార్పిళ్లు గిట్టవు. ఒకసారి ఒకావిడ తోడికోడలి కార్డుతో వస్తే, అందరి ముందూ ఆ కార్డు రెండు ముక్కలుగా చించారు. ఆయన మంచి డాక్టరు, పేదవాళ్లంటే ప్రాణం. కానీ ఆయనకు నిజం చెప్పాలంటే ముందు ఆయన ముఖం ఎలా ఉందో చూసుకోవాలి. అలాంటి పెద్దల కింద రికార్డులు శుభ్రంగా కనిపిస్తాయి, నిజంగా మాత్రం ఉండవు. ఇది నా ముప్ఫై ఒక్క ఏళ్ల తీర్పు.

యాదయ్య సెంట్రింగ్ పనివాడు. ఆ నియమం రాకముందే మేస్త్రీ మాట మీద కార్డు తీసుకున్నాడు. కార్డు రాస్తుంటే కిటికీ పట్టుకుని నిలబడి, "అక్కా, నాకు పెన్సిలిన్ సూది పడది. సోలాపూర్‌ల ఒకపారి ఏస్తె కండ్లు తిరిగి పడ్డ. తెల్లారిదాక లేవలె. ఇది యాడన్న రాస్కో" అన్నాడు. రిమార్కులో రాశాను.

ఏడాది తర్వాత అదే కార్డుతో ఇరవై ఏళ్లు కూడా నిండని ఒక పలచటి మనిషి వచ్చాడు.

"పేరు?"

"యాదయ్య."

"యాదయ్య నాకు ఎరుకే. నువ్వెవరివి?"

"సాయిలు అక్కా. యాదయ్య బామ్మర్దిని. బావ ఊరికి పోయిండు. కార్డు గుంజుకోకు అక్కా, నీ కాల్మొక్త."

చేతిలో పెద్దాసుపత్రి చీటీ ఉంది. గుండె కవాటం చెడింది, ఇరవై ఒక్క రోజులకొకసారి పెన్సిలిన్ సూది తప్పకూడదని ఉంది. అక్కడ కూడా కార్డే చూపించాడు కాబట్టి చీటీ మీద కూడా యాదయ్య పేరే. సూది ఆగితే ఈ పిల్లాడు బతకడు. నియమం పాటిస్తే సూది లేదు. ఏం చేయమంటారు? నేను నోరు మూసుకున్నాను. సిస్టర్ చర్మం కింద కొంచెం మందు వేసి పరీక్షించింది, పడింది. సూదులు మొదలయ్యాయి. నేను రిమార్కు మార్చి, యాదయ్యకు సూది వద్దు, సాయిలుకు వెయ్యాలి అని కొట్టాను. ఒక కార్డు మీద ఇద్దరు మనుషులు ఉన్నారన్న సంగతి ఆ నలభై అక్షరాలకీ నాకూ మాత్రమే తెలుసు.

నేను చేసింది దయ అనుకున్నాను. అందులో గర్వం కూడా ఉందని ఇప్పుడు ఒప్పుకుంటాను. ఇంతమంది ప్రాణాల తాళంచెవి నా కొంగున ఉందన్న గర్వం.

ఉత్తరం

ఎనభైల చివర్లో దాదర్ కంపెనీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. పాత యంత్రాలనూ వాటి ప్రోగ్రాములనూ ఇక తాము చూడమనీ, పాడైతే భాగాలు దొరకవనీ, కొత్త యంత్రమూ కొత్త ప్రోగ్రామూ తీసుకోమనీ దాని సారాంశం. అంతే. ఐదేళ్లు రోజూ వాడిన వస్తువుకి ఒక్క పేరాతో సెలవు చెప్పేశారు.

సాఠేగారు సంబరపడ్డారు. కొత్త యంత్రం కొనిచ్చే దాత అప్పటికే సిద్ధంగా ఉన్నాడు. "కొత్తది కార్డులు కూడా అచ్చు వేస్తుంది సుగుణా! ఇక నీ కోడిగీతలు ఎవరూ చదవక్కర్లేదు" అన్నారు.

మార్చడానికి కంపెనీ మనిషి కదమ్ వచ్చాడు. పొడుగ్గా, ఎప్పుడూ నిద్ర చాలనట్టు ఉంటాడు. పాత యంత్రాల పని తప్ప వేరే పని చేసినవాడు కాదు. "ఈ పెట్టెతో పాటు నన్నూ ఆపేస్తారేమో తాయీ" అని నవ్వాడు. ఆ నవ్వు మనస్ఫూర్తిగా లేదు. రెండు యంత్రాలకీ మధ్య తీగ వేసి, ఒక్కో గడిలో ఉన్నది పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి పంపడం మొదలుపెట్టాడు. చివరి గడి దగ్గర ఆగాడు.

"ఈ రిమార్కులకు కొత్తదాంట్లో చోటు లేదు. మీరు కావాలంటే కంపెనీకి చెప్పి పెట్టిస్తాను. పదిహేను రోజులు పడుతుంది."

సరిగ్గా అప్పుడే సాఠేగారు నా కుర్చీ వెనక్కి వచ్చి, కళ్లద్దాలు సర్దుకుని తెరలోకి వంగారు. "ఏమిటది? ఏ భాష?"

తెర మీద నాలుగు వందల పన్నెండో నంబరు ఉంది. యాదయ్య, సాయిలు ఇద్దరూ అక్కడే ఉన్నారు. చించిన కార్డు ముక్కలు కళ్ల ముందు ఆడాయి.

"ఏం లేదు సార్. నా గుర్తు కోసం రాసుకున్న చిల్లర రాతలు. వదిలేయండి" అన్నాను.

కదమ్ నా ముఖం వంక ఒక్క క్షణం చూసి ఆ గడి వదిలేశాడు. అన్నీ సరిగ్గా ఎక్కాయన్న కాగితం మీద నేను సంతకం పెట్టాను.

పాత యంత్రం నెల రోజులు అక్కడే ఉంటుందని కదమ్ చెప్పాడు కదా, ఈలోగా పంతొమ్మిదీ నోటుబుక్కులో ఎక్కించుకోవచ్చు, ఎవరికీ తెలియదు అని నా ధైర్యం. రెండు రోజుల్లో పదకొండు రాసుకున్నాను. మూడో రోజు వాన. కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది. యంత్రం ఆన్ చేయగానే డ్రైవ్ గరగరమని అరిచి ఆగిపోయింది. రెండో డ్రైవ్ పోయిన ఏడాదే పాడైంది.

ఫ్లాపీల కాపీలు మూడున్నాయి. వాటిని చదివే పెట్టె ఒక్కటీ లేదు. చేతిరాత రిజిస్టర్లు కంప్యూటరు వచ్చిన ఏడాదే పాత కాగితాలు కొనే రద్దీవాడికి వేసేశాం. ఎర్ర సున్నాలు చుట్టిన పాత జాబితాలు కూడా మిగల్లేదు. వాటి వెనక తెల్లగా ఉండేది కాబట్టి డాక్టరుగారు మందులు రాసి రోగులకు ఇచ్చేసేవారు.

కంపెనీకి ఫోన్ చేశాను. అవతలి అమ్మాయి చాలా మర్యాదగా, "ఆ మోడల్‌కు సపోర్ట్ ఆగిపోయింది మేడమ్" అంది. "లోపల మనుషుల ప్రాణాలున్నాయమ్మా" అన్నాను. ఆమె మళ్లీ అదే వాక్యం చదివింది. పాపం, ఆమెకు ఇచ్చిన కాగితంలో ఇంకో జవాబు ఉండదు కదా.

ఎనిమిది మంది

ఎనిమిది పేర్లు ఎక్కడో ఉన్నాయి, నా తలలో లేవు. ఐదేళ్లు గుర్తుపెట్టుకునే పని యంత్రానికి వదిలేశాను, తల ఆ పని మానేసింది.

సిస్టర్‌తో సగం నిజం చెప్పాను. కొన్ని గుర్తులు పోయాయి, పాతవాళ్లకైనా సరే సూదికి ముందు పరీక్ష చెయ్యి అన్నాను. ఆమె అలాగే చేసింది. అయినా మంగళవారం, శుక్రవారం నేను సూదుల గది గుమ్మంలో నిలబడేదాన్ని. ఎవరైనా బెంచీ మీద తల వాలిస్తే చాలు, పరుగెత్తి భుజం కుదిపేదాన్ని. ఒక ముసలాయన కునుకు తీస్తుంటే అలాగే లేపి తిట్లు తిన్నాను. ఇంట్లో మా అమ్మ పళ్లెం ముందు కూర్చోబెట్టి, "ఏమైందే నీకు, గాలి సోకిందా?" అని మిరపకాయలతో దిష్టి తీసింది.

మధ్యాహ్నాలు చాల్‌లు తిరిగాను. ఒక్కో గుమ్మం దగ్గర, "మీ ఖోలీలో సూది పడని వాళ్లు ఎవరన్నా ఉన్నారా?" అని అడిగాను. ఒక్కొక్కటిగా దొరికారు. ఒక బాలింత, ఒక బీడీలమ్మ, ఇద్దరు అన్నదమ్ములు, ఇంకో ముగ్గురు. మొత్తం ఏడుగురు. అంటే పద్దెనిమిది. ఇంకొక్కరు మిగిలారు.

రాములమ్మత్త గుమ్మం దగ్గరా అడిగాను. ఆమె చేటలో బియ్యం ఏరుతూ, "మా ఖోలీల అసుంటోల్లు ఎవ్వరు లేరు బిడ్డా. సాయిలు ఒక్కడె సూదులు ఏస్కుంటడు, వానికి మంచిగనే పడ్తున్నయి" అంది.

అది నిజమే. అప్పుడు ఆ ఖోలీలో అలాంటివాళ్లు ఎవరూ లేరు. యాదయ్య ఊళ్లో ఉన్నాడు. రెండేళ్లుగా ఆ కార్డు మీద సాయిలునే చూస్తున్నాను. ఆ రోజు తెర మీద ఆ నంబరు కనిపించినప్పుడు కూడా సాయిలు సూది ఆగిపోతుందనే భయపడ్డాను తప్ప, ఆ పేరుతో కిటికీ పట్టుకుని నిలబడ్డ మొదటి మనిషి నాకు గుర్తుకే రాలేదు. నేను అడగాల్సింది, డబ్బాలో ఉన్న కార్డులు అసలు ఎవరెవరివి అని. మనుషుల్ని అడిగాను, జాగాల్ని అడగలేదు. వాళ్లలో పుట్టి పెరిగిన నేనే ఆ తప్పు చేశాను.

ఇంకొక తప్పు దీనికంటే పెద్దది. భయమంతా మా సూదుల గది గుమ్మంలోనే ఉందనుకుని అక్కడే కాపలా కాశాను. కొత్త ప్రోగ్రాము అందరికీ అచ్చు కార్డులు వేసింది. ఎక్కువ సూదులు తీసుకున్నవాళ్ల కార్డు మీద తనంతట తానే ఒక వాక్యం వేసింది: పెన్సిలిన్ క్రమంగా తీసుకుంటున్నారు, పరీక్ష అవసరం లేదు. ఆ వాక్యం నేను చూశాను. ఎంత నీటుగా ఉందో అనుకున్నాను కూడా. ఆ కార్డులకు కాళ్లుంటాయని, అవి గల్లీ దాటి పోతాయని నాకు తట్టలేదు.

శుక్రవారం బజారు

మూడు వారాలు దాటాక కంపెనీకి కాకుండా కదమ్ ఇంటి పక్క దుకాణానికి ఫోన్ చేసి అతన్ని పిలిపించాను. మొదటి రోజే చేయాల్సిన ఫోన్ అది. ఎందుకు చేయలేదు? వదిలేయమన్నది నేనే అని అతనికి తెలుసు కాబట్టి.

అతనికి అన్నీ చెప్పాను. "కంపెనీ రాదు తాయీ. శుక్రవారం సెలవు పెడతాను. నేను వస్తాను" అన్నాడు.

జాబితా ముందురోజే సిస్టర్‌కు ఇచ్చేసి, శుక్రవారం పొద్దున్నే ఇద్దరం చోర్ బజార్‌కు వెళ్లాం. మా గల్లీల నుంచి నడిచే దూరమే. ఆఫీసులు పారేసిన టైపు మిషన్లు, ఫ్యాన్లు, టెలిఫోన్లు నేల మీద గుట్టలుగా పోసి ఉన్నాయి. కదమ్ మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో డ్రైవ్ తిప్పి, ఊది, చెవి దగ్గర పెట్టుకుని వింటున్నాడు. నేను గొడుగు పట్టుకుని నిలబడ్డాను. మా పక్క చాయ్ దుకాణంలో గడియారం తొమ్మిది చూపించడం నాకు ఇప్పటికీ గుర్తు. తొమ్మిదిన్నరకు అతని చేయి ఒక డ్రైవ్ మీద ఆగింది. "ఇదే" అన్నాడు. అతని కళ్లలో నీళ్లు కనిపించాయి. తను నేర్చిన పని ఇంకా ఒకరికి పనికొచ్చినందుకు అనుకుంటాను.

ఆసుపత్రికి తిరిగొచ్చి దాన్ని బిగించాక, పదకొండుకు ఆకుపచ్చ అక్షరాలు వెలిగాయి. రిమార్కులున్న పేర్లు ఒక్కొక్కటే కిందికి జరిగాయి. నోటుబుక్కులో ఉన్నదానికల్లా టిక్కు పెట్టుకుంటూ వచ్చాను. టిక్కు లేకుండా మిగిలింది నాలుగు వందల పన్నెండు.

యాదయ్య. ఊళ్లో ఉన్నాడు కదా అని ముందు ఊపిరి పీల్చుకున్నాను. నిజంగానే నవ్వాను. "నేను అనవసరంగా చచ్చాను కదమ్‌భావూ" అన్నాను. అయినా ఒకసారి చెప్పి వద్దామని రాములమ్మత్త ఖోలీకి వెళ్లాను.

"యాదయ్యనా? మొన్ననె వచ్చిండు గద" అంది ఆమె. "గోరేగావ్ సైట్ మీదికి పోయిండు. కాలికి మొల దిగిందంట, జరం గూడ వచ్చిందని నిన్న మనిషిని పంపితె కార్డు ఇచ్చి తోలిన."

సైట్ ఎక్కడో అడిగి తెలుసుకుని పరుగెత్తాను.

గోరేగావ్

గ్రాంట్ రోడ్‌లో రైలు ఎక్కాం. కదమ్ కూడా వచ్చాడు, రమ్మని నేను అడగలేదు. దారంతా ఒకటే లెక్క: కార్డు నిన్న అందింది, ఇంకా డాక్టరు దగ్గరికి పోయి ఉండకపోవచ్చు, పోయినా ఆయన వేరే మందు ఇచ్చి ఉండవచ్చు. ప్రతి స్టేషన్‌లో ఈ లెక్క మళ్లీ మొదటి నుంచి వేసుకున్నాను.

సైట్ దూరం నుంచే కనిపించింది. నాలుగంతస్తుల వరకు లేచింది. నడిమధ్యాహ్నం, వాన కూడా తెరిపి ఇచ్చింది. మిక్సర్ తిరగడం లేదు. మగవాళ్లు ఇసుక కుప్ప మీద వరసగా కూర్చుని ఉన్నారు. నాకు ఇంకెవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

రాములమ్మత్త భర్త మేస్త్రీ లేచి వచ్చాడు.

"పొద్దుగాల తొమ్మిదింటికి సుగుణమ్మా. బాజుల డాక్టర్ కాడికి నేనె తోల్కపోయిన. యాదయ్య చెప్పిండు, నాకు గా సూది పడది సాబ్ అని. డాక్టర్ కార్డు చూసిండు. పేరు నీదె గద అన్నడు. నాదె అన్నడు యాదయ్య. మరి ఇన్ని సూదులు ఏస్కున్నవు గద, ఇది కంప్యూటర్ కార్డు, నీకంటె దానికె ఎక్కువ ఎర్క అన్నడు."

"అవి సాయిలు వేసుకున్నవని చెప్పలేదా?"

మేస్త్రీ తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. "నా దిక్కు చూసిండమ్మా. చెప్తె కార్డు పోతది, పోరనికి సూది బంద్ అయితది. వాడు ఊకున్నడు. నేను గూడ ఊకున్న. బైటికొచ్చి నాలుగడుగులు ఏసిండో లేదో."

ఆ తొమ్మిదింటికి నేను చోర్ బజార్‌లో గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాను.

చెప్పాల్సింది

మీలో చాలామంది పాతవాటిని తీసి కొత్తవి పెట్టే పనే చేస్తారు. పాతదానికి సపోర్ట్ ఆగిపోయిందన్న ఉత్తరాలు నా సర్వీసులో ఇంకా చాలా వచ్చాయి, మీకూ వస్తాయి. ఆపేయడం తప్పని నేను అనను. ఏ వస్తువైనా ఎంతకాలమని నడుస్తుంది? కానీ ఆపే ముందు ఆ కుర్చీలో కూర్చున్న మనిషిని, చోటు లేని సంగతులు నువ్వు ఎక్కడ రాసుకున్నావు అని అడగండి. వెనక పెద్దవాళ్లు ఎవరూ నిలబడని చోట అడగండి. చిల్లర రాతలంటే నమ్మకండి.

కుర్చీలో కూర్చున్నది మీరే అయితే, మీ ఒక్కరికే అర్థమయ్యేలా దేన్నీ రాయకండి. నాకు శిక్ష పడలేదు. నా పేరు ఏ కాగితంలోనూ లేదు. గోరేగావ్ డాక్టరును అడిగితే కార్డు చూపించాడట, కార్డు మీద అంతా సరిగ్గానే ఉంది.

మర్నాడు సాఠేగారికి మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. అరుస్తారనుకున్నాను. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"నేను ఆ రోజు ఆ కార్డు చించకపోతే నువ్వు నాకు చెప్పేదానివా?"

"చెప్పేదాన్ని సార్."

రేషన్ కార్డు నియమం ఆ వారమే తీసేశారు. ట్రస్టు వాళ్లతో ఎంత గొడవపడ్డారో నాకు తర్వాత తెలిసింది. కదమ్ ఊరికే కూర్చోకుండా కొత్త ప్రోగ్రాములో సూది పడదని రాసే గడి పెట్టించాడు. ఆ తర్వాత నాలుగు నెలలకు కంపెనీ అతన్ని మానిపించింది.

సాయిలు తేదీ వచ్చింది. శుక్రవారం పొద్దున నా కిటికీ దగ్గర నిలబడ్డాడు. గుండు చేయించుకున్నాడు. నాకు అతని ముఖం చూసే ధైర్యం లేక కాగితాలు సర్దుతూ, అలవాటు కొద్దీ అడిగాను.

"పేరు?"

"యాదయ్య."

"సాయిలూ, ఇక అలా చెప్పక్కర్లేదు. నీ పేరు మీద కొత్త కార్డు ఇస్తాను. రేషన్ కార్డు అడగరు. ఎవరూ గుంజుకోరు."

అతను కదల్లేదు.

"నీ పేరు చెప్పు నాయనా. నువ్వు చెబితేనే రాస్తాను."

"ఎట్ల చెప్పాలె అక్కా?" అన్నాడు, నేల చూస్తూ. "నా పేరు చెప్పలేకనె గద బావ సచ్చిపోయిండు."

కింద నుంచి ఫిలోమినా సిస్టర్, తర్వాత ఎవరని పిలుస్తోంది. నేను కీబోర్డు మీద చేతులు పెట్టుకుని ఎదురుచూశాను. చాలాసేపటికి అతను తన పేరు చెప్పాడు. వినిపించీ వినిపించనట్టు చెప్పాడు. ఇంకోసారి చెప్పమని అడగలేక రాసుకున్నాను.